20 సిస్టములు, ఒకటే లాగిన్: ల్యాబుకు తేలికైన ఎడిటర్ ఎంపిక (ప్రాజెక్టు డైరీ)

నల్గొండలో ఒక డిగ్రీ కాలేజీ ల్యాబు. 20 సిస్టములు, రోజుకు 4 బ్యాచులు, అన్నిట్లో ఒకటే లాగిన్. సీ, పైథాన్ ప్రాక్టికల్స్ ఇక్కడే జరుగుతాయి. తెలుగు విభాగం వాళ్లు టైపింగుకు వచ్చేదీ ఇక్కడికే. ఇన్నాళ్లూ ఒక్కో సిస్టములో ఒక్కో ఎడిటర్ (కోడు, టెక్స్టు కొట్టే ప్రోగ్రాము) ఉండేది. అన్నిట్లో ఒకే రకంగా పెట్టడానికి చేసిన పని ఇది. ఇలాంటి ల్యాబు నడిపేవాళ్లు చూసి చేసుకోవచ్చు, మేం పడ్డ గుంతలో పడకుండా పోవచ్చు.

ఒక మాట ముందే: కమాండ్లు, ఫైలు పేర్లు పలికినట్టే తెలుగులో రాశాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడాలి. కొలతలు మా సిస్టములవి. మీ దగ్గర అంకెలు మారతాయి గానీ ఏది బరువు, ఏది తేలిక అన్న వరుస పెద్దగా మారదు.

దశ 0: చేతిలో ఉన్నవి

14 సిస్టములు పాత డ్యుయల్ కోర్, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్. మిగతా 6 సిస్టములకు 4 జీబీ. అన్నిట్లో తిరిగే హార్డ్ డిస్కే, ఎస్ఎస్‌డీ ఒక్కదానికీ లేదు. యూపీఎస్ 6 సిస్టములకే ఉంది. డెబియన్ (ఒక రకం లినక్స్), ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ముందే ఎక్కించి ఉన్నాయి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కనీసం 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 (భద్రతా చిప్పు) అడుగుతుంది. అందుకని ఆ వైపు చూడలేదు.

విద్యార్థికో లాగిన్ ఎందుకు ఇవ్వలేదని ఎవరైనా అడుగుతారు. సీట్లు ఖాయం కావు, ముందొచ్చినవాళ్లు ఫ్యాను కింద కూర్చుంటారు. హోం ఫోల్డర్లు పెట్టడానికి సర్వర్ లేదు. సర్వర్ లేకుండా విద్యార్థికో లాగిన్ ఇస్తే నిన్నటి పని నిన్నటి సిస్టములోనే ఉండిపోతుంది.

ఎక్స్ఎఫ్‌సీఈ లాగిన్ అయ్యాక 2 జీబీ సిస్టములో సుమారు 450 ఎంబీ నిండుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో రెండు మూడు ట్యాబులు తెరిస్తే ఇంకో 800 దాకా పోతుంది. కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టము గుండె), డిస్కు క్యాషె (చదివిన ఫైళ్లను మెమరీలో ఉంచుకునే చోటు) వాటా కూడా తీసేస్తే ఎడిటర్‌కు మిగిలేది 400 నుంచి 500 ఎంబీ. ఎడిటర్ దీంట్లో సర్దుకోవాలి.

దశ 1: కొలవడంలోనే తప్పు

మొదట టాప్ కమాండులో (ఏ ప్రోగ్రాము ఎంత మెమరీ తింటుందో చూపేది) రెస్ నిలువు వరుస చూసి కూడాం. వీఎస్ కోడ్ మొత్తం సిస్టములో ఉన్న ర్యామ్‌ను దాటిపోయింది! వీఎస్ కోడ్ ఒక్క ప్రాసెస్ కాదు, ఐదారు ఉంటాయి. అవి పంచుకునే లైబ్రరీలను టాప్ ప్రతి ప్రాసెస్ ఖాతాలోనూ రాస్తుంది. అందుకే ఎస్‌మెమ్ అనే కొలిచే ప్రోగ్రాము వేసుకుని పీఎస్ఎస్ అనే అంకె చూశాం. పంచుకున్న మెమరీని వాటాలేసి లెక్కగడుతుంది కాబట్టి ఆ అంకెలు కూడితే అర్థం ఉంటుంది.

రెండో తప్పు: ఒకసారి తెరిచి మూసి, మళ్లీ తెరిచి టైము చూశాం. జీనీ అనే ఎడిటర్ 1 సెకనులో వచ్చేసింది. ఫైళ్లు అప్పటికే క్యాషెలో ఉంటాయి కాబట్టి అది ఉత్త లెక్క. పొద్దున 10 గంటల బ్యాచుకు సిస్టములన్నీ చల్లగా ఉంటాయి (క్యాషె ఖాళీ), 20 మంది ఒకేసారి తెరుస్తారు. ఆ పరిస్థితిలో ఎంత పడుతుందో తెలియాలి.

ఖాయం చేసుకున్న పద్ధతి:

1. సిస్టము రీస్టార్ట్ చేసి, లాగిన్ అయ్యి, 2 నిమిషాలు ముట్టుకోకుండా ఆగాలి.
2. 300 వరుసల సీ ఫైలును ఎడిటర్‌తో తెరవాలి. డబుల్ క్లిక్ దగ్గర స్టాప్‌వాచ్ నొక్కి, కర్సర్ కదిలినప్పుడు ఆపాలి.
3. ఎస్‌మెమ్‌లో ఆ ఎడిటర్ పీఎస్ఎస్ మొత్తం రాసుకోవాలి.
4. ఇలా 3 సార్లు చేసి మధ్య అంకె తీసుకోవాలి. సగటు వద్దు. ఒక్కసారి అప్‌డేట్ వెనకాల నడిచినా సగటు చెడిపోతుంది.

2 జీబీ సిస్టములో వచ్చినవి, దగ్గర దగ్గరగా:

- నానో: 5 ఎంబీ, టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) కలిపితే 40. తెరుచుకోవడం 2 సెకన్లు.
- విమ్: 12 ఎంబీ, టెర్మినల్ వేరే. 2 సెకన్లు.
- మౌస్‌ప్యాడ్: 35 ఎంబీ, 3 సెకన్లు.
- జీనీ: 50 ఎంబీ, 5 సెకన్లు.
- కేట్: 110 ఎంబీ, 9 సెకన్లు.
- వీఎస్ కోడ్: ఎక్స్‌టెన్షన్లు లేకుండా 480 ఎంబీ, 38 సెకన్లు. సీ ఎక్స్‌టెన్షన్ వేశాక 700 దాటింది.

ఇప్పటి వరకు: 5 గంటలు. మారిన సిస్టములు 20లో 0. ఖర్చు ₹0.

దశ 2: వడపోత

వీఎస్ కోడ్. పిల్లలు అడిగేది ఇదే. కంపెనీ కాగితం మీద 1 జీబీ ర్యామ్ చాలంటుంది. చాలుతుంది కూడా, పక్కన ఇంకేమీ నడవకపోతే. మా దగ్గర పక్కన ఫైర్‌ఫాక్స్ తెరవగానే స్వాప్ (ర్యామ్ చాలక డిస్కును వాడుకోవడం) మొదలై డిస్కు లైటు ఆరకుండా వెలిగింది, అక్షరం నొక్కిన రెండు మూడు సెకన్లకు తెర మీదికి వచ్చింది. 4 జీబీ సిస్టముల్లో బాగానే నడిచింది. అయినా ఆ 6 సిస్టముల్లో ఒకటి, 14లో ఒకటి పెడితే ప్రాక్టికల్ పరీక్షలో సీటు గొడవ ఖాయం. తీసేశాం.

కేట్ మంచి ఎడిటరే. ఎక్స్ఎఫ్‌సీఈ మీద వేస్తే కేడీఈ లైబ్రరీలను వెంటేసుకొస్తుంది. తీసేశాం.

లీఫ్‌ప్యాడ్ చాలా తేలిక, కానీ దాని అభివృద్ధి ఏళ్ల కిందటే ఆగిపోయింది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ విండోస్‌ది. వైన్ (లినక్స్ మీద విండోస్ ప్రోగ్రాములు నడిపేది) మీద నడిపించుకోవచ్చు గానీ అప్పుడు తేలిక అన్న మాటకు అర్థముండదు.

విమ్ మీద ఎక్కువ సేపు ఆగాం. కొలతల్లో దీన్ని మించింది నానో ఒక్కటే. ఒక్క బ్యాచుకు ఇచ్చి చూశాం. మొదటి 20 నిమిషాల్లో 4 సిస్టములు 'హ్యాంగ్' అయ్యాయి. "సార్, కీబోర్డు పనిచేస్తలేదు." కీబోర్డుకు ఏ రోగమూ లేదు. సేవ్ చేయడానికి అలవాటుగా కంట్రోల్ ఎస్ నొక్కారు. టెర్మినల్లో ఆ మీట తెరను ఆపమని చెప్పే పాత సంకేతం, విమ్ పాత వెర్షన్లు దాన్ని అడ్డుకోవు. కంట్రోల్ క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది. అది తెలియక ముగ్గురు పవర్ బటన్ నొక్కి పట్టుకున్నారు. నానోలో ఈ గొడవ లేదు, అది ఆ సంకేతాన్ని తనే ఆపేస్తుంది. పాత విమ్ వాడేవాళ్లు బాష్ ఆర్‌సీ (టెర్మినల్ సెట్టింగుల) ఫైలు చివర 'ఎస్‌టీటీవై హైఫన్ ఐఎక్స్ఓఎన్' అని ఒక వరుస చేర్చుకుంటే చాలు.

అది సరిచేశాక ఇంకోటి. పవర్ బటన్ నొక్కిన సిస్టముల్లో తర్వాతి బ్యాచు అదే ఫైలు తెరవగానే ఈ325 హెచ్చరిక తెర నిండా వచ్చింది. విమ్ ఫైలు తెరిచినప్పుడు పక్కన చుక్కతో మొదలయ్యే స్వాప్ ఫైలు పెడుతుంది. 200 అక్షరాలు కొట్టినా, 4 సెకన్లు ఆగినా అందులో రాసుకుంటుంది. మామూలుగా మూసేస్తే దాన్ని తనే చెరిపేస్తుంది, కరెంటు పోతే అది అలాగే ఉంటుంది. ఒకరే వాడే కంప్యూటర్లో ఇది వరం. పది మంది చేతులు మారే సిస్టములో ఎవరి స్వాప్ ఫైలో, రికవర్ నొక్కాలా డిలీట్ నొక్కాలా ఎవరికీ తెలియదు. విమ్‌ను తీసేయలేదు. మెనూలోంచి దాచి ల్యాబు చూసుకునేవాళ్లకు వదిలేశాం.

అప్పటిదాకా ర్యామ్, సెకన్లే రాసుకున్న కాగితం మీద కొత్త నిలువు వరుస గీయాల్సి వచ్చింది: 'లేచి వెళ్లిపోయాక ఏం మిగిల్చి పోతుంది?'

ఇప్పటి వరకు: 11 గంటలు. 20లో 0. ₹0.

దశ 3: జీనీ, 3 సిస్టముల్లో

జీనీ 2005 నుంచి ఉంది. ఎడిటింగ్ భాగం సింటిల్లా, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఉన్నదే. రంగులు, కంపైల్ మీటలు, కింద మెసేజుల గడి అన్నీ 50 ఎంబీలో వస్తాయి. 2 జీబీ సిస్టములు రెండు, 4 జీబీది ఒకటి తీసుకుని వేశాం.

రెండో బ్యాచు కూర్చోగానే మొదటి ఫిర్యాదు: "సార్, గిది నాది కాదు, ఎవరిదో ఫైలు వచ్చింది." జీనీ కిందటిసారి తెరిచి ఉంచిన ఫైళ్లన్నీ మళ్లీ తెరుస్తుంది. ఒకమ్మాయి పాత ప్రోగ్రామును చెరిపేసి అదే ఫైల్లో తన ప్రోగ్రాము కొట్టి సేవ్ చేసింది. ఉదయం బ్యాచు వాళ్ల మాట్రిక్స్ గుణకారం పోయింది.

మార్పు: ఎడిట్ మెనూ, ప్రిఫరెన్సెస్, జనరల్, స్టార్టప్ ట్యాబు. 'లోడ్ ఫైల్స్ ఫ్రమ్ ద లాస్ట్ సెషన్' పక్కన టిక్కు తీసేయాలి.

తీసేసినా ఫైల్ మెనూలో రీసెంట్ ఫైల్స్ జాబితా ఉంది. పాత బ్యాచు వాళ్ల ఫైలు ఒక్క క్లిక్కు దూరమే. ఆ జాబితా జీనీ కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్లో ఉంటుంది, జీనీ మూసినప్పుడల్లా మళ్లీ రాసుకుంటుంది. వెర్షన్ 2.0 నుంచి సెషన్ వివరాలను వేరే ఫైల్లోకి మార్చారు. మీ దగ్గర ఏ వెర్షన్ ఉందో చూసుకుని చెరపండి. ఇది చాలదన్నట్టు జీటీకే (జీనీ కిటికీలు, మెనూలు గీసే లైబ్రరీ) తన సొంత ఇటీవలి ఫైళ్ల జాబితాను లోకల్ షేర్ ఫోల్డర్లో పెట్టుకుంటుంది. అంటే రెండు చోట్ల సాఫు చేయాలి.

ఇప్పటి వరకు: 15 గంటలు. 20లో 3. ₹0.

దశ 4: సాఫు స్క్రిప్టు, నాలుగు ప్రయత్నాలు

ప్రయత్నం 1. జీనీకి అందరికీ వర్తించే కాన్ఫిగ్ పెట్టే వీలుంది. యూఎస్ఆర్, షేర్, జీనీ ఫోల్డర్లో జీనీ డాట్ కాన్ఫ్ పెడితే దాన్నే చదువుకుంటుంది. పెట్టాం, ఏమీ మారలేదు. లాగిన్ హోంలో సొంత కాన్ఫిగ్ లేనప్పుడే అందరి ఫైలును చూస్తుంది. మా మూడు సిస్టముల్లోనూ సొంత కాన్ఫిగ్ అప్పటికే పుట్టి ఉంది.

ప్రయత్నం 2. లాగౌట్‌లో హోంలోని జీనీ కాన్ఫిగ్ ఫోల్డరు మొత్తం చెరిపేసే స్క్రిప్టు. లైట్‌డీఎం (లాగిన్ తెరను నడిపేది) కాన్ఫిగ్‌లో 'సెషన్ క్లీనప్ స్క్రిప్ట్' అనే వరుసలో దాని దారి ఇచ్చాం. జాబితాలు పోయాయి, వాటితో పాటు ఆటో సేవ్ కూడా పోయింది. సేవ్ యాక్షన్స్ ప్లగిన్ సెట్టింగులు అదే ఫోల్డర్లో ప్లగిన్స్ కింద ఉంటాయి, వాటికి అందరి ఫైలు అంటూ లేదు. కాబట్టి చెరిపితే చాలదు. నమూనా ఫోల్డరు ఒకటి దాచుకుని, చెరిపాక దాన్ని మళ్లీ అక్కడ పెట్టాలి.

ప్రయత్నం 3. నమూనా కాపీ అయింది. కానీ జీనీలో ఏ సెట్టింగు మార్చినా నిలవలేదు, తెరిచినప్పుడల్లా కాన్ఫిగ్ రాయలేకపోయానని ఫిర్యాదు. లైట్‌డీఎం ఆ స్క్రిప్టును రూట్‌గా (అన్ని హక్కులున్న అడ్మిన్‌గా) నడుపుతుంది కాబట్టి కాపీ అయిన ఫైళ్లకు యజమాని రూట్. లాగిన్ అయినవాళ్లకు రాసే హక్కు లేదు. కాపీ తర్వాత యజమానిని మార్చే సీహెచ్‌ఓన్ వరుస చేర్చాలి.

ప్రయత్నం 4. వారం బాగా నడిచింది. దేవరకొండ, మునుగోడు బస్సుల టైము దగ్గరపడితే పిల్లలు లాగౌట్ చేయరు, గోడ స్విచ్చు నొక్కి పోతారు. కరెంటు పోయినా అంతే. లాగౌట్ జరగకపోతే లాగౌట్ స్క్రిప్టు నడవదు. దాన్ని అక్కడి నుంచి తీసి 'సెషన్ సెటప్ స్క్రిప్ట్' వరుసకు మార్చాం. ఇప్పుడు లాగిన్ అవుతున్నప్పుడే, డెస్క్‌టాప్ రాకముందే సాఫు అవుతుంది. ముందు వాళ్లు ఎలా వెళ్లినా తర్వాత కూర్చునేవాళ్లకు శుభ్రంగా ఉంటుంది.

చివరికి స్క్రిప్టు చేసే పనులు, ఇదే వరుసలో:

1. లాగిన్ అవుతున్న పేరు ల్యాబు లాగినేనా అని చూడు, కాకపోతే వెంటనే ఆగు. (ఈ వరుస లేనప్పుడు ల్యాబు ఇన్‌చార్జి సొంత సెట్టింగులు కూడా ఎగిరిపోయాయి.)
2. హోంలో బ్యాకప్ ఫోల్డర్లో ఉన్నవన్నీ రూట్‌కు మాత్రమే కనిపించే ఫోల్డర్లోకి, ఆ రోజు తేదీ పేరుతో తరలించు.
3. జీనీ కాన్ఫిగ్ ఫోల్డరు, జీటీకే ఇటీవలి జాబితా, బాష్ హిస్టరీ చెరుపు.
4. నమూనా ఫోల్డరు కాపీ చెయ్యి.
5. యజమానిని ల్యాబు లాగిన్‌కు మార్చు.

లాగిన్ సమయం దీనివల్ల సుమారు 1 సెకను పెరిగింది. రెండో పని ఎందుకో కింది దశలో ఉంది.

ఇప్పటి వరకు: 22 గంటలు. 20లో 3. ₹0.

దశ 5: కరెంటు

ఎండాకాలం మధ్యాహ్నం బ్యాచులో కరెంటు రెండుసార్లు పోవడం ఇక్కడ వింతేం కాదు. యూపీఎస్ లేని 14 సిస్టములూ అప్పుడు పడిపోతాయి. "సేవ్ చేసిన సార్, అయినా ఖాళీగ ఉంది." తెరిచి చూస్తే ఫైలు ఉంది, సైజు 0 బైట్లు.

అబ్బాయి అబద్ధం చెప్పలేదు. సేవ్ నొక్కగానే అక్షరాలు డిస్కు మీదికి వెళ్లవు, ముందు మెమరీలో ఉంటాయి. లినక్స్ వాటిని 30 సెకన్ల దాకా అట్టే ఉంచుకోవచ్చు. పాత ఫైలు మీదే మళ్లీ సేవ్ చేస్తే ఈఎక్స్‌టీ4 (డిస్కు మీద ఫైళ్లను సర్దే పద్ధతి) తొందరపడి రాసేస్తుంది. కొత్త పేరుతో మొదటిసారి సేవ్ చేసిన ఫైలుకు ఆ జాగ్రత్త లేదు. ప్రాక్టికల్స్‌లో పిల్లలు రోజూ చేసేది రెండోదే.

పరీక్ష: కొత్త ఫైలు, 20 వరుసలు, సేవ్, 10 సెకన్లు ఆగి ప్లగ్గు లాగడం. 10 సార్లు లాగితే 7 సార్లు 0 బైట్లు.

మార్పులు రెండు.

మొదటిది: సిస్‌కంట్రోల్‌లో (కర్నెల్ సెట్టింగుల్లో) 'వీఎం డాట్ డర్టీ ఎక్స్‌పైర్ సెంటీసెక్స్' విలువ 3000 ఉంటుంది, దాన్ని 500 చేశాం. అంటే 30 సెకన్లు 5 అయ్యాయి. దాన్ని చూసే పని 5 సెకన్లకోసారి లేస్తుంది కాబట్టి అసలు ఆలస్యం 10 సెకన్ల దాకా ఉండొచ్చు. ఈసారి 15 సెకన్లు ఆగి 10 సార్లు లాగాం, ఒక్క ఫైలూ పోలేదు. డిస్కుకు కొంచెం పని పెరుగుతుంది. చిన్న టెక్స్టు ఫైళ్లకు అది లెక్కలోకి రాదు.

రెండోది: జీనీతో వచ్చే సేవ్ యాక్షన్స్ ప్లగిన్. టూల్స్ మెనూలో ప్లగిన్ మేనేజర్‌లో టిక్కు పెట్టాలి. ఇందులో మూడు పనులున్నాయి, మూడూ ఒకేసారి ఆన్ చేసి తప్పు చేశాం.

ఆటో సేవ్ మామూలుగా 300 సెకన్లకు ఉంటుంది. 60 చేశాం. బ్యాకప్ కాపీ కూడా ఆన్‌లో ఉంది కాబట్టి ప్రతి సేవ్‌కూ టైముతో సహా ఒక కాపీ పుట్టింది. రెండు గంటల బ్యాచులో ఒక్క ఫైలుకు వందకు పైగా కాపీలు. ఒక్కోటి ఒకటి రెండు కేబీలే అయినా డిస్కు మీద 4 కేబీ గడి తీసుకుంటుంది. స్థలం బాధ కాదు గానీ, వారం తర్వాత ఆ ఫోల్డరు తెరిస్తే ఫైల్ మేనేజర్ నిలబడిపోయింది. దానికి మించిన ఇబ్బంది, ఉదయం బ్యాచు ప్రోగ్రాములన్నీ మధ్యాహ్నం బ్యాచుకు తయారుగా దొరికాయి. రికార్డులు దిద్దేటప్పుడు అందరిదీ ఒకే స్పెల్లింగ్ తప్పు. అందుకే సాఫు స్క్రిప్టులో రెండో పని.

ఇన్‌స్టంట్ సేవ్ కొత్త ఫైలు తెరవగానే ఏదో ఒక పేరుతో సేవ్ చేసి పెడుతుంది. ఆ పేరు 'జీఐఎస్' అండర్‌స్కోర్‌తో మొదలై వెనకాల ఆరు అడ్డదిడ్డపు అక్షరాలు. పిల్లలు ఆ పేరు మార్చరు. బ్యాచు ముగిసేసరికి జీఐఎస్ ఫైళ్లు 9, ఎవరివో చెప్పగలిగినవి 2.

నిలబడ్డ సెట్టింగులు:

1. ఆటో సేవ్: ఆన్, 120 సెకన్లు.
2. బ్యాకప్ కాపీ: ఆన్, హోంలో బ్యాకప్ ఫోల్డరు.
3. ఇన్‌స్టంట్ సేవ్: ఆఫ్. బదులుగా బోర్డు మీద ఒక వాక్యం: 'ముందు పేరు పెట్టు, తర్వాత రాయి.' పేరు లేని ఫైలును ఆటో సేవ్ ముట్టుకోదు.
4. రూట్ దగ్గరి బ్యాకప్‌లు 7 రోజులు దాటితే క్రాన్ (వేళ ప్రకారం పనులు నడిపేది) చెరిపేస్తుంది.

ఫైలు పోయిందని వచ్చేవాళ్లు మూడు చెప్పాలి: సిస్టము నంబరు, టైము, ఫైలు పేరు. మూడూ చెబితే రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

ఇప్పటి వరకు: 25 గంటలు. 20లో 3. ₹0.

దశ 6: ఎఫ్9, ఎఫ్5, టర్బో సీ అలవాట్లు

జూనియర్ కాలేజీలోనో కోచింగులోనో నీలం తెర టర్బో సీ మీద నేర్చుకుని వచ్చినవాళ్లు సగం మంది ఉంటారు. వాళ్ల వేళ్లకు కంట్రోల్ ఎఫ్9 అంటే రన్. జీనీలో ఎఫ్8 కంపైల్, ఎఫ్9 బిల్డ్, ఎఫ్5 ఎగ్జిక్యూట్.

పిల్లల సౌకర్యమని కంట్రోల్ ఎఫ్9ని ఎగ్జిక్యూట్‌కు కలిపాం. ఆ పని చేయకండి. టర్బో సీలో ఆ మీట ముందు కంపైల్ చేసి తర్వాత నడుపుతుంది. జీనీలో ఎగ్జిక్యూట్ నడపడం మాత్రమే చేస్తుంది. ప్రోగ్రాము దిద్దారు, కంట్రోల్ ఎఫ్9 నొక్కారు, పాత ఫలితమే వచ్చింది, మళ్లీ దిద్దారు, మళ్లీ అదే. సరైన కోడును దిద్ది దిద్ది పాడు చేసుకున్నవాళ్లు ముగ్గురు.

సరిచేసిన తీరు: బిల్డ్ మెనూలో సెట్ బిల్డ్ కమాండ్స్ తెరిచి, సీ ఫైళ్ల ఎగ్జిక్యూట్ గడిలో బిల్డ్ కమాండు మొత్తం పెట్టి, దాని వెనక హైఫన్ ఎల్ఎం, రెండు యాంపర్‌శాండ్లు, ఆ తర్వాత డాట్ స్లాష్ పర్సెంట్ ఈ. కంపైల్‌లో తప్పుంటే యాంపర్‌శాండ్ల దగ్గరే ఆగుతుంది, పాత ప్రోగ్రాము నడవదు. ఇప్పుడు ఒక్క మీట చాలు. హైఫన్ ఎల్ఎం లేకపోతే వర్గమూలం ప్రోగ్రాము దగ్గర లింకర్ 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని మొరాయిస్తుంది, అది ఏటా ఒకసారి అందరూ అడిగేదే.

ఒక నష్టముంది. కంపైల్ తప్పులు జీనీ కింది గడిలో కాకుండా టెర్మినల్లో పడతాయి, వరుస మీద క్లిక్ చేస్తే అక్కడికి వెళ్లే సౌకర్యం పోతుంది. తప్పు వస్తే ఎఫ్9 విడిగా నొక్కండని చెప్పాం.

కానియో హెడరు, క్లియర్ స్క్రీన్, గెట్ సీహెచ్ లినక్స్ మీది జీసీసీ కంపైలర్లో లేవు. రికార్డు పుస్తకాల్లో ఇప్పటికీ అవే ఉన్నాయి. ఎడిటర్ మారిస్తే పోయే సమస్య కాదు. ఆ మూడు వరుసలు తీసేసి, వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ రాయమని చెప్పాం.

ఇప్పటి వరకు: 29 గంటలు. 20లో 8. ₹0.

దశ 7: తెలుగు

ఇక్కడ జీనీ ఓడిపోయింది.

'స్త్రీ' అని కొట్టి చూడండి. కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు, మొత్తం 18. సింటిల్లా కర్సర్‌ను ఆ ఆరు ముక్కల లెక్కన జరుపుతుంది. కుడి బాణం ఆరుసార్లు నొక్కితే గానీ స్త్రీ దాటదు. మధ్యలో కర్సర్ అక్షరం కడుపులో నిలబడినట్టు కనిపిస్తుంది. అక్కడ ఒక మీట తగిలితే వత్తు ఊడి పక్కకొస్తుంది. టైపింగు పిల్లలకు తప్పు ఎక్కడ పడిందో తెలియదు.

రెండోది, వత్తుల అడుగు తెగిపోవడం. కోడుకు వాడే డేజావూ మోనో ఫాంటులో తెలుగు లేదు, కాబట్టి తెలుగు అక్షరాలు వేరే ఫాంటు నుంచి వస్తాయి. జీనీ వరుస ఎత్తును మాత్రం డేజావూ లెక్కతోనే వేస్తుంది. క్ష్మ, ష్ట్ర లాంటి వాటి కింది భాగం తర్వాతి వరుస కింద నలిగిపోయింది. ఫైల్‌టైప్స్ కామన్ ఫైల్లో స్టైలింగ్ భాగంలో లైన్ హైట్ వరుస ఉంటుంది. కింది వైపు 4 పిక్సెళ్లు ఇస్తే అడుగు కనిపించింది. సీ ప్రోగ్రాములో ప్రింట్ఎఫ్ లోపల ఒక తెలుగు మాట రాసుకునేవాళ్లకు అది చాలు, పేజీలు టైపు చేసేవాళ్లకు చాలదు.

టెర్మినల్ ఎడిటర్ల సంగతి అడగక్కర్లేదు. టెర్మినల్ అక్షరానికో గడి ఇస్తుంది. తెలుగు ఆ గడుల్లో ఒదగదు. నానోలో స్త్రీ మూడు ముక్కలైంది.

మౌస్‌ప్యాడ్ జీటీకే సొంత టెక్స్టు గడిని వాడుతుంది, అక్షరాలు పాంగో అనే లైబ్రరీ చూసుకుంటుంది. కర్సర్ అక్షరాల మధ్యే ఆగుతుంది, వరుస ఎత్తు అక్షరాన్ని బట్టి పెరుగుతుంది. 35 ఎంబీలో ఇంతకంటే ఏం కావాలి?

కాబట్టి ఒకే ఎడిటర్ అన్న పట్టు వదిలేశాం. కోడుకు జీనీ, తెలుగుకు మౌస్‌ప్యాడ్. రెండూ కలిపి తెరిచినా 100 ఎంబీ లోపే.

తెలుగు వైపు చేసినవి:

1. ఫాంట్స్ తెలు ప్యాకేజీ వేశాం. లోహిత్, పోతన, వేమన వస్తాయి. మౌస్‌ప్యాడ్‌కు లోహిత్ 14 పెట్టాం. పోతన అందంగా ఉంటుంది గానీ పాత మానిటర్ల మీద సన్నగా పడింది.
2. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ చేర్చి, మార్చడానికి ఒకే మీటల జత ఉంచాం.
3. టెక్స్టు ఫైళ్లు డబుల్ క్లిక్‌తో మౌస్‌ప్యాడ్‌లో, సీ, పైథాన్ ఫైళ్లు జీనీలో తెరుచుకునేలా డీఫాల్టులు మార్చాం. మొదట ఇది మర్చిపోయి రెండు రోజులు ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పాల్సి వచ్చింది.

డీటీపీ సెంటర్ల నుంచి తెచ్చే పాత ఫైళ్లలో 'తెలుగు' ఇంగ్లీషు గుర్తుల గందరగోళంగా కనిపిస్తుంది. అవి అను ఫాంట్లలో కొట్టినవి, యూనికోడ్ కావు. ఎడిటర్లో ఎన్‌కోడింగ్ ఎన్నిసార్లు మార్చినా తెలుగు రాదు. కన్వర్టరులో వేసి మార్చుకోవాల్సిందే.

ఇప్పటి వరకు: 35 గంటలు. 20లో 8. ₹0.

దశ 8: పెన్‌డ్రైవ్, ఇక మిగతా 12

పెన్‌డ్రైవ్‌లోనే ఫైలు తెరిచి, అక్కడే బిల్డ్ చేసి, ఎఫ్5 నొక్కితే 'పర్మిషన్ డినైడ్'. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌ను డెస్క్‌టాప్ తెరిచే తీరులో ఈఎక్స్ఈ, కామ్, బ్యాట్ అనే తోకలున్న ఫైళ్లకే నడిచే హక్కు ఉంటుంది. జీసీసీ తయారు చేసిన దానికి తోక ఉండదు. మౌంట్ సెట్టింగులు మార్చొచ్చు. మేం మార్చలేదు. ముందు డెస్క్‌టాప్ మీదికి కాపీ, పోయేటప్పుడు మళ్లీ పెన్‌డ్రైవ్‌కు కాపీ. పని మధ్యలో పెన్‌డ్రైవ్ లాగేసి ఫైలు పోగొట్టుకోవడం కూడా దీంతో తగ్గింది.

వాట్సాప్ నోట్సు నుంచి కాపీ కొట్టిన కోడు 'స్ట్రే' అనే మాటతో వరుసగా ఎర్రర్లు ఇస్తుంది. కారణం వంపు తిరిగిన కొటేషన్ గుర్తులు. జీనీలో రీప్లేస్‌తో తెరిచే గుర్తు, మూసే గుర్తు విడివిడిగా మార్చాలి. ఒకటి మార్చి రెండోది మర్చిపోతారు.

విండోస్‌లో రాసి తెచ్చిన షెల్ స్క్రిప్టులు నడవకపోతే వరుస ముగింపు తేడా. డాక్యుమెంట్ మెనూలో సెట్ లైన్ ఎండింగ్స్‌లో ఎల్ఎఫ్‌కు మార్చి సేవ్ చేయాలి. సీ ఫైళ్లకు ఈ బాధ లేదు.

మిగతా 12 సిస్టములకు నమూనా ఫోల్డరు, స్క్రిప్టు, లైట్‌డీఎం వరుస, సిస్‌కంట్రోల్ వరుస అన్నీ ఒక ఇన్‌స్టాల్ స్క్రిప్టులో పెట్టి పెన్‌డ్రైవ్‌తో తిప్పాం. సిస్టముకు 15 నిమిషాల చొప్పున 3 గంటలు పట్టాలి. 5 పట్టింది. 11వ నంబరులో డిస్కు నిండి ప్యాకేజీలు ఎక్కలేదు, 17వ నంబరులో గడియారం బ్యాటరీ పోయి తేదీ వెనక్కి వెళ్లింది. తేదీ తప్పయితే ప్యాకేజీల జాబితా అప్‌డేట్ కాదు, బ్యాకప్ ఫోల్డర్ల పేర్లూ తప్పుతాయి. ముందు గడియారం చూడండి.

మీటల కార్డులు 20, లామినేషన్‌తో ఒక్కోటి ₹25. మానిటర్ పక్కన అంటించాం. కార్డు మీద ఉన్నవి ఐదే: కంట్రోల్ ఎన్, కంట్రోల్ ఎస్, ఎఫ్9, ఎఫ్5, చివర 'లాగౌట్ చేసి లెయ్'.

ఇప్పటి వరకు: 42 గంటలు. 20లో 20. ₹500.

మిగిలిన పనులు: 17వ నంబరుకు సీఆర్2032 బ్యాటరీ. పైథాన్ ఎగ్జిక్యూట్ గడిలో పైథాన్3 ఉందో లేదో అన్నిట్లో చూడటం, ఇప్పటికి 6 చూశాం. మౌస్‌ప్యాడ్ సెట్టింగులు జీసెట్టింగ్స్‌లో (డెస్క్‌టాప్ ప్రోగ్రాముల ఉమ్మడి సెట్టింగుల చోటు) ఉంటాయి, జీనీ నమూనా ఫోల్డరుతో రావు. అందుకే 4 సిస్టముల్లో ఎవరో ఫాంటు 28 చేసి పోతే అలాగే ఉంది. వాటికి ఆ సెట్టింగులు దాచే డీకాన్ఫ్‌లో తాళం వేయాలి.